సముద్రములోని చెత్త ఎక్కడనుండి వచ్చుచున్నది?

ఈ పూట సముద్రమును గూర్చి కొన్ని మాటలు చెప్పాలని ఆశపడుచున్నాను. "అయ్యగారూ, మా ఊరికి సముద్రము చాలా దూరము, మాకెందుకు ఈ సంగతి?" అని కొందరు అనుకొనవచ్చు. ఈ మాటలు మీకోసమే.

విజయవాడను చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా నీళ్లు కాలువలలోకి మళ్లుతాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, ఈ మూడూ ఊరి మధ్యనుండే పోతాయి. వంతెన మీదనుండి ఒక కవరు జారవిడిస్తే అది కనబడకుండా పోతుంది, పీడ పోయిందనుకుంటాము. కాలువలు కట్టేసి నీళ్లు తగ్గినప్పుడు వెళ్లి చూడండి, అడుగున బురదలో ఏమేమి ఇరుక్కొని ఉన్నవో! ఇరుక్కోనిది కిందికి పోతూనే ఉంటుంది, డ్రెయిన్లలో పడి చివరకు సముద్రములోకి. సముద్రములోని ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగము నేలమీదనుండి వెళ్లినదే.

జనవరి మొదలుకొని వేసవి వరకు మన కోస్తా తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెడతాయి. జెల్లీ చేపలు కూడా వాటికి ఆహారమే. నీళ్లలో తేలే పల్చని కవరు వాటి కంటికి జెల్లీ చేపవలెనే ఉంటుంది. మ్రింగితే అరగదు, ప్రేగులకు అడ్డుపడుతుంది. ప్లాస్టిక్ కుళ్లదు గనుక ఎండకు, అలలకు ముక్కలై, కంటికి ఆననంత చిన్నవై చేపల కడుపులోనూ చేరుతుంది. ఇక వల లాగి చేపలకు బదులు కవర్లు ఏరుకొనే జాలరి సహోదరుని కష్టము వేరే చెప్పాలా?

బజారుకు గుడ్డసంచి తీసుకువెళ్లడం మీకు తెలిసినదే. అయితే వేపుళ్లు చేసిన నూనె సంగతి చాలామంది ఆలోచించరు. దానిని సింకులో పోయకండమ్మా. మూకుడుకు అంటిన జిడ్డును పాత కాగితముతో తుడిచి, ఆ తరువాత తోమండి. బండికి ఆయిల్ మార్పించినప్పుడు "పాత ఆయిల్ ఎక్కడ పోస్తున్నావు బాబూ?" అని మెకానిక్కును అడగండి. పొలమున్న సహోదరులారా, వాన ముంచుకొస్తుండగా యూరియా చల్లకండి. కొట్టుకుపోయిన ఎరువు డ్రెయిన్లగుండా వెళ్లి నాచును పెంచుతుంది. ఆ నాచు కుళ్లినప్పుడు నీటిలో ప్రాణవాయువు తరిగి చేపలు చస్తాయి. మీ డబ్బు కూడా నీళ్లపాలే. పడవలున్నవారు చినిగిన నైలాను వలలను సముద్రములో వదలకండి. లాగేవాడు లేకపోయినా ఆ వల చేపలను పట్టుతూనే ఉంటుంది.

సిగ్గుతో ఒక మాట ఒప్పుకొంటాను. ఒక క్రిస్మస్ ప్రేమవిందు తరువాత మా సంఘమువారము ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు మూటలు కట్టి మందిరము వెనుక కాలువ గట్టున పెట్టాము. రాత్రి గాలికి సగము నీళ్లలో పడ్డాయి. అది తప్పని అప్పుడు మాకు తోచనేలేదు. ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుండి మన దేశములో నిషేధము. దుకాణములో దొరికినంత మాత్రాన కొనవలెనా? విస్తరాకులున్నవి, అరిటాకులున్నవి. ప్రభువు బల్లకు వాడే చిన్న ప్లాస్టిక్ కప్పులను గూర్చి కూడా సంఘ పెద్దలు కూర్చొని మాట్లాడుకొంటే మంచిది. మా దగ్గర ఇప్పుడు గాజు కప్పులే. కడిగే పని యౌవనస్థులది. ఎవరి వంతు ఎప్పుడో కాగితము మీద వ్రాసి మందిరము తలుపుకు అంటించాము.