లినక్స్ ప్రోగ్రాములు: ఏకరీతి సమస్య

1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశీయుడగు లినస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి లినక్స్ కెర్నెలును లోకమున కొసంగెను. కంప్యూటరు యంత్రభాగములకును ప్రోగ్రాములకును నడుమ నుండి పని జరిపించునదే కెర్నెలు. దానికి తక్కిన ప్రోగ్రాములను జేర్చి పలువురు పలువిధములైన కూర్పులను సిద్ధపరచిరి. డెబియన్, ఫెడోరా, ఉబుంటు మొదలగునవి యట్టివి. ఈ స్వేచ్ఛ మెచ్చదగినదే. ఐనను దీనినుండియే యొక చిక్కు పుట్టెను.

ఏ ప్రోగ్రామును ఒంటరిగా పనిచేయజాలదు. అక్షరములను జూపుటకును చిత్రములను దీర్చుటకును లైబ్రరీలను ఉమ్మడి భాగములపై నది ఆధారపడును. ఈ లైబ్రరీలు అన్ని కూర్పులలో నొక్కరీతిగా నుండవు. ప్రోగ్రామును మూటగట్టు పద్ధతియు వేరు: డెబియన్‌లో డెబ్, ఫెడోరాలో ఆర్‌పీఎం. కావున రచయిత యొకే ప్రోగ్రామును పలుమారులు మూటగట్టవలసివచ్చును. నీట మునుగువారి లెక్కలు వ్రాసికొనుటకై తాను ప్రారంభించిన సబ్‌సర్ఫేస్ ప్రోగ్రామును విండోస్‌నకు సిద్ధపరచుచున్నామనియు, లినక్స్‌నకు సిద్ధపరచుట మిక్కిలి బాధాకరమనియు టోర్వాల్డ్సే 2014లో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరమున జరిగిన డెబియన్ సభలో మొరపెట్టెను. లినక్స్ సృష్టికర్తకే యిట్లున్నచో, చిన్న రచయితల గతి యేమి?

దీనికి మొదట నియమగ్రంథముతో చికిత్స జరిగెను. లినక్స్ స్టాండర్డ్ బేస్ అను నా నియమావళి ఉమ్మడి లైబ్రరీలను నిర్ణయించి, ఆర్‌పీఎం మూటను విధించెను. కాని తదనుసారముగా వెలువడిన ప్రోగ్రాములు కొద్ది. 2015లో డెబియన్ వారు దానిని చాలవరకు విడిచిరి.

పిమ్మట వేరొక మార్గము తోచెను. బాటసారి చద్దిమూట గట్టుకొనిపోవునట్లు, ప్రోగ్రామే తనకు వలయు లైబ్రరీలను వెంట గొనివచ్చును. యాప్‌ఇమేజిలో నంతయు నొక్క ఫైలే. ఫ్లాట్‌ప్యాక్‌లో రన్‌టైమ్ అను ఉమ్మడి పునాది యుండును. దాని నొకసారి దింపుకొన్నచో పెక్కు ప్రోగ్రాములు వాడుకొనును. స్నాప్ అనునది కెనానికల్ కంపెనీవారిది. దాని యంగడియు వారి యధీనమే.

ఇందు నష్టములును గలవు. డిస్కుపై నెక్కువ చోటు పట్టును. మునుపు లైబ్రరీలో లోపము గనబడినచో, కూర్పువారొక్కసారి దిద్దిన ప్రోగ్రాములన్నియు బాగుపడెడివి. ఇప్పుడు మూటలోపలి లైబ్రరీని ఆ మూటగట్టినవారే దిద్దవలెను. వారు ఏమరినచో వాడువారికి ముప్పు.

నేటికిని మూడు పద్ధతులు నడచుచునే యున్నవి. ఐనను కూర్పుల నన్నిటిని ఒక్కటిగా జేయనక్కరలేదనియు, ప్రోగ్రామునకును కూర్పునకును నడిమి యతుకు ఏకరీతిగా నున్న చాలుననియు విద్యార్థులు గ్రహింతురుగాక.