చలించే ఆవేశాలపై అయస్కాంత బలం

అయస్కాంత క్షేత్రంలో చలిస్తున్న విద్యుదావేశం మీద ఆ క్షేత్రం కలిగించే బలాన్ని అయస్కాంత బలం అంటారు. విద్యుత్తు ప్రవహిస్తున్న తీగను అయస్కాంతం పక్కకు నెట్టడం కూడా ఈ బలం వల్లనే జరుగుతుంది. తీగలో చలించే ఆవేశాల మీద విడివిడిగా పనిచేసే బలాల మొత్తమే తీగ మీది బలం. పాఠ్యపుస్తకాలలో ఈ సంగతి ఒక్క వాక్యంతో ముగుస్తుంది గాని, ఒకప్పుడు మాక్స్‌వెల్ అంతటి శాస్త్రవేత్త దీనికి భిన్నంగా భావించాడు.

బలం పరిమాణం, దిశ

నిశ్చలంగా ఉన్న ఆవేశాన్ని స్థిరమైన అయస్కాంత క్షేత్రం కదిలించలేదు. ఆవేశం క్షేత్రరేఖల వెంబడి చలిస్తున్నా దానిపై బలం ఉండదు. క్షేత్రరేఖలను అడ్డంగా దాటుతున్నప్పుడే బలం పుడుతుంది. లంబంగా దాటినప్పుడు అది గరిష్ఠంగా ఉంటుంది.

బలం = ఆవేశం × వేగం × క్షేత్ర తీవ్రత × సైన్ (వేగదిశకూ క్షేత్రదిశకూ మధ్య కోణం)

ఆవేశాన్ని కూలుంబులలోను, వేగాన్ని సెకనుకు మీటర్లలోను, క్షేత్ర తీవ్రతను టెస్లాలలోను తీసుకుంటే బలం న్యూటన్లలో వస్తుంది. ఇక్కడ క్షేత్ర తీవ్రత అన్నదానినే అయస్కాంత అభివాహ సాంద్రత అని, అయస్కాంత ప్రేరణ అని కూడా పిలుస్తారు. ఈ సూత్రం ఒక్కసారిగా రూపొందలేదు. 1881లో జె.జె. థామ్సన్ రాబట్టిన విలువ అసలు విలువలో సగమే. 1889లో హెవిసైడ్ దానిని సరిదిద్దాడు. విద్యుత్ బలాన్ని, అయస్కాంత బలాన్ని కలిపి 1895లో లోరెంజ్ ఇచ్చిన రూపమే నేడు లోరెంజ్ బలంగా వాడుకలో ఉంది.

ఈ బలం దిశ వేగానికి, క్షేత్రానికి రెండింటికీ లంబంగా ఉంటుంది. కొన్ని పుస్తకాలు దిశను కనుగొనడానికి ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధనను, మరికొన్ని కుడిచేతి నిబంధనను ఇవ్వడం వల్ల విద్యార్థులు తికమకపడుతుంటారు. నిజానికి రెండింటికీ జవాబు ఒక్కటే. వేళ్లకు అప్పగించిన పనులు మాత్రమే వేరు. ఎడమచేతిలో చూపుడు వేలు క్షేత్రాన్ని, మధ్య వేలు ప్రవాహాన్ని సూచిస్తాయి. కుడిచేతిలో చూపుడు వేలు వేగాన్ని లేదా ప్రవాహాన్ని, మధ్య వేలు క్షేత్రాన్ని సూచిస్తాయి. రెండింటిలోను బొటనవేలు బలాన్ని చూపుతుంది. ఎలక్ట్రాను ఋణావేశం గలది కనుక దాని విషయంలో ఫలితాన్ని తిరగవేయాలి. పరీక్షలలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

బలం ఎల్లప్పుడూ వేగానికి లంబంగా ఉండటం వల్ల అది కణం దారిని వంచుతుందే గాని వడిని పెంచదు, తగ్గించదు. ఏకరీతి క్షేత్రంలోకి లంబంగా ప్రవేశించిన కణం వృత్తంలో తిరుగుతుంది. సెకనుకు 1 కోటి మీటర్ల వేగంతో వచ్చే ఎలక్ట్రాను 0.001 టెస్లా క్షేత్రంలో సుమారు 5.7 సెంటీమీటర్ల వ్యాసార్థం గల వృత్తాన్ని గీస్తుంది. పాతకాలపు డబ్బా టీవీలలో ఎలక్ట్రాను పుంజాన్ని తెర అంతటా తిప్పినది తీగచుట్టలు కల్పించిన ఇటువంటి క్షేత్రమే.

తీగ మీది బలం

తిన్నని తీగ ఏకరీతి క్షేత్రంలో ఉన్నప్పుడు పై సూత్రం ఈ రూపం పొందుతుంది:

బలం = క్షేత్ర తీవ్రత × విద్యుత్ ప్రవాహం × తీగ పొడవు × సైన్ (తీగకూ క్షేత్రానికీ మధ్య కోణం)

రెండు సూత్రాలూ ఒకటేనని లెక్కతో చూడవచ్చు. 1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం, 1 మీటరు పొడవు గల రాగి తీగలో సుమారు 8.5 × 10²² స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. అందులో 1 ఆంపియరు ప్రవహిస్తున్నప్పుడు అవి సగటున సెకనుకు 0.07 మిల్లీమీటర్ల నత్తనడకతో సాగుతాయి. తీగకు లంబంగా 0.1 టెస్లా క్షేత్రం ఉంటే ఒక్కొక్క ఎలక్ట్రాను మీది బలం సుమారు 1.2 × 10⁻²⁴ న్యూటన్లు. దీనిని ఎలక్ట్రాన్ల సంఖ్యతో హెచ్చిస్తే 0.1 న్యూటను వస్తుంది. రెండవ సూత్రం ఇచ్చే విలువ కూడా అదే. ఇది సుమారు 10 గ్రాముల బరువుతో సమానం.

భూమి క్షేత్రం దీనికంటే ఎంతో బలహీనమైనది. హైదరాబాదు ప్రాంతంలో దాని క్షితిజ సమాంతర అంశ సుమారు 40 మైక్రోటెస్లాలు. పడమర నుండి తూర్పుకు 10 ఆంపియర్ల ఏకముఖ ప్రవాహాన్ని మోసే మీటరు తీగను అది పైకి నెట్టే బలం 0.04 గ్రాముల బరువుతో సమానం.

హాల్ ప్రయోగం

1873లో వెలువడిన తన గ్రంథంలో మాక్స్‌వెల్ ఈ బలం పనిచేసేది విద్యుత్ ప్రవాహం మీద కాదని, దానిని మోస్తున్న వాహకం మీదనేనని రాశాడు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న ఎడ్విన్ హాల్‌కు ఈ మాట నమ్మశక్యంగా తోచలేదు. ప్రవాహం లేని తీగను అయస్కాంతం పట్టించుకోనప్పుడు, బలం ప్రవాహానిది కాక తీగది ఎలా అవుతుంది? ఆచార్యుడైన రోలాండ్‌ను అడిగితే ఆయనకూ అదే సందేహం ఉన్నదని తెలిసింది.

బలం ఆవేశాల మీదనే పనిచేస్తే అవి వాహకంలో ఒక అంచుకు ఒత్తుకోవాలి. అప్పుడు రెండు అంచుల మధ్య పొటెన్షియల్ భేదం కనబడాలి. దళసరి లోహంతో ఏమీ కనిపించలేదు. గాజుపలక మీద అతికించిన పలుచని బంగారు రేకుతో 1879 అక్టోబరులో ఆ భేదం కనిపించింది. దీనినే హాల్ ప్రభావం అంటారు.

ఇందులో మరొక విశేషం ఉంది. ప్రవాహం ఒకే దిశలో ఉన్నంతవరకు, దానిని మోసేవి ధనావేశాలైనా, ఎదురుదిశలో పోయే ఋణావేశాలైనా ఒకే అంచుకు నెట్టబడతాయి. కనుక ఆ అంచు ధనమా, ఋణమా అని చూస్తే లోపల చలించేది ఏ ఆవేశమో తెలుస్తుంది. ఎలక్ట్రాను వెలుగులోకి రావడానికి 18 సంవత్సరాల ముందే ఈ సాధనం శాస్త్రజ్ఞుల చేతికి వచ్చింది. నేడు అనేక విద్యుత్ స్కూటర్ల మోటార్లలో చక్రం ఏ స్థానంలో ఉన్నదో చెప్పేవి హాల్ సెన్సర్లే.

అంచుల మధ్య ఏర్పడిన ఈ విద్యుత్ క్షేత్రమే లోహపు అయాన్ల మీద పనిచేసి తీగ మొత్తాన్ని పక్కకు నెడుతుంది. తీగ కదులుతున్నదంటే మాక్స్‌వెల్ చూసినది తప్పు కాదు. ఆ బలం అక్కడికి ఆవేశాల ద్వారా చేరుతున్నదని మాత్రం ఆయన గుర్తించలేదు.

పని ఎక్కడి నుండి వస్తుంది?

అయస్కాంత బలం పని చేయదని చెప్పిన తరువాత, మోటారు బావిలోని నీటిని పైకి ఎలా తోడుతుందనే ప్రశ్న సహజంగా వస్తుంది. తీగ పక్కకు కదిలినప్పుడు అందులోని ఎలక్ట్రానుకు రెండు వేగాలు ఉంటాయి: తీగ పొడవునా ఒకటి, తీగతో పాటు పక్కకు ఇంకొకటి. మొదటి వేగం వల్ల పుట్టిన బలం తీగను నెడుతుంది. రెండవ వేగం వల్ల పుట్టిన బలం ప్రవాహానికి ఎదురు నిలుస్తుంది. ఈ రెండు భాగాలు చేసే పనుల మొత్తం సున్నా. ఎదురును అధిగమించి ప్రవాహాన్ని నిలబెట్టేది విద్యుత్ జనకం. నీటిని ఎత్తే శక్తి దానిదే.

మోటారు ఇరుసు బిగుసుకుపోతే ఈ ఎదురు ఉండదు. ప్రవాహం విపరీతంగా పెరిగి తీగచుట్ట కాలిపోతుంది. కాబట్టి తిరగకుండా మూలుగుతున్న మోటారును వెంటనే ఆపివేయాలి.

ఇంటి విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో దిశ మారుతున్నా వంటింటి మిక్సీ ఒకే దిశలో తిరగడానికి కారణం కూడా ఈ సూత్రంలోనే ఉంది. దాని మోటారులో క్షేత్రాన్ని కల్పించే చుట్టలోను, తిరిగే చుట్టలోను ప్రవాహం ఒకేసారి తిరగబడుతుంది. రెండూ తిరగబడితే బలం దిశ మారదు.

రెండు తీగల మధ్య బలం

1820లో ఆంపియర్ ఒకే దిశలో ప్రవాహం గల సమాంతర తీగలు ఆకర్షించుకుంటాయని, వ్యతిరేక దిశలో ఉంటే వికర్షించుకుంటాయని చూపాడు. 1948 నుండి ఆంపియరు నిర్వచనానికి ఇదే ఆధారం: శూన్యంలో 1 మీటరు దూరంలో ఉన్న రెండు అతి పొడవైన సన్నని తీగల మధ్య మీటరు పొడవుకు 2 × 10⁻⁷ న్యూటన్ల బలం కలిగించే ప్రవాహం 1 ఆంపియరు. 2019 మే 20న ఈ నిర్వచనం మారింది. ప్రాథమిక ఆవేశాన్ని 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులుగా స్థిరపరచి, దాని నుండి ఆంపియరును నిర్వచించారు. అప్పటి నుండి తీగల మధ్య బలానికి చెప్పే ఆ 2 × 10⁻⁷ అనే సంఖ్య నిర్వచనంలోనిది కాక, ప్రయోగంతో కొలవవలసినది అయింది.