గ్రావెల్ బైకింగ్: ఇటలీ మట్టి రోడ్లకు ప్రపంచమంతా క్యూ.. మరి మన కొండాపూర్ బండ్ల బాటల సంగతేంటి?

కొండాపూర్ అనగానే హైదరాబాద్ వాళ్లకు ఐటీ ఆఫీసులు, ఫ్లైఓవర్లు, ట్రాఫిక్ జామ్‌లే గుర్తొస్తాయి. కానీ అదే పేరుతో సంగారెడ్డి జిల్లాలో ఇంకో కొండాపూర్ ఉంది. అక్కడ కనిపించేవి పత్తి చేలు, కంది చేలు, చెరువు కట్టలు, వాటి మధ్యలో మొరం బాటలు. సరిగ్గా ఇలాంటి బాటల మీద సైకిల్ తొక్కడానికే ఇటలీకి ప్రపంచం నలుమూలల నుంచి జనం వెళ్తున్నారు. దాని పేరే గ్రావెల్ బైకింగ్. అక్కడి మట్టి రోడ్లను కాపాడింది సైకిలే. ఇక్కడి బాటలు మాత్రం ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి.

అసలేంటీ గ్రావెల్ బైకింగ్?

తారు రోడ్డు మీద తొక్కేది రోడ్ బైక్. కొండలు, రాళ్ల మీద తొక్కేది మౌంటెన్ బైక్. ఈ రెండింటికీ మధ్యలోది గ్రావెల్ బైక్. చూడ్డానికి రేసింగ్ సైకిల్‌లాగే హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది. కానీ టైర్లు వెడల్పు. రోడ్ బైక్ టైరు సాధారణంగా 25 నుంచి 32 మిల్లీమీటర్లు ఉంటే, దీనికి 38 నుంచి 45 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. గాలి కూడా తక్కువ నింపుతారు. దాంతో కంకర మీద టైరు ఎగిరిపడకుండా నేలను పట్టుకుంటుంది. డిస్క్ బ్రేకులు, ఎత్తు ఎక్కడానికి తేలికైన గేర్లు ఉంటాయి. పొద్దున తారు రోడ్డు మీద బయల్దేరి, మధ్యలో పొలాల బాట పట్టి, సాయంత్రానికి మళ్లీ ఇంటికి చేరుకోవచ్చు. అదే దీని ప్రత్యేకత.

ఈ ఆటకు పోటీగా పెద్ద పేరు తెచ్చింది అమెరికా. కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియాలో 2006లో మొదలైన రేసు ఇప్పుడు ప్రపంచంలోనే పెద్ద గ్రావెల్ రేసుల్లో ఒకటి. అయితే ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలెట్టాలనుకున్నప్పుడు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఎంచుకుంది ఇటలీనే. 2022లో తొలి పోటీ, 2023లో రెండోది.. రెండూ వెనెటో ప్రాంతంలోనే జరిగాయి.

ఇటలీలో రోడ్డును సైకిల్ ఎలా కాపాడింది?

టస్కనీలో ద్రాక్ష తోటల మధ్య తెల్లటి మట్టి రోడ్లు ఉంటాయి. వాటిని 'స్ట్రాడె బియాంకె' అంటారు, అంటే తెల్ల రోడ్లు అని అర్థం. ఒకప్పుడు ఎడ్ల బండ్లు తిరిగిన దారులే ఇవి. ఒక్కో రోడ్డుకూ తారు వేసుకుంటూ పోతుంటే, ఇలాగైతే ఇక మిగలవని స్థానికులు కొందరు ఆందోళన పడ్డారు. అందుకే 1997లో కియాంతి ప్రాంతంలోని గాయోలె అనే ఊళ్లో 'ఎరోయికా' పేరుతో ఓ సైకిల్ యాత్ర పెట్టారు. పాత సైకిళ్లు, పాతకాలం ఉన్ని జెర్సీలు, మట్టి రోడ్లు.. కాన్సెప్ట్ అంతే. మొదటి ఏడాది వచ్చింది 92 మందే.

తర్వాత సీన్ మారిపోయింది. ఏటా వేల మంది రావడం మొదలైంది. 2007లో అవే రోడ్ల మీద ప్రొఫెషనల్ రేసు కూడా మొదలైంది. ఇప్పుడు దాని పేరే 'స్ట్రాడె బియాంకె'. సియెనా నగరంలో ముగిసే ఈ రేసులో 60 కిలోమీటర్లకు పైగా మట్టి రోడ్డే ఉంటుంది. నదుల దగ్గరా ఇదే ఆలోచన. వెనిస్ నుంచి టురిన్ వరకు పో నది గట్ల వెంట సుమారు 700 కిలోమీటర్ల సైకిల్ మార్గానికి మిలాన్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం రూపకల్పన చేసింది. దాని పేరు 'వెంటో'. ఊళ్లో తిండి, బస, సైకిల్ రిపేరు.. ఇలా మట్టి రోడ్డు మీద నాలుగు రూపాయలు వచ్చేసరికి, దాన్ని కాపాడుకోవాలన్న ఆసక్తి ఊరికీ పెరిగింది.

మరి మన దగ్గర?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. ఇందులో ఒక భాగం నార్సింగి నుంచి కొల్లూరు దాకా వస్తుంది. కొల్లూరు ఉన్నది సంగారెడ్డి జిల్లాలోనే. అంటే నగరం కట్టిన ట్రాక్ ఈ జిల్లా గడప దగ్గర ఆగింది. అసలైన పల్లె బాటలు ఆ తర్వాతే.

ముంబై హైవే మీద పటాన్‌చెరు, కంది, ఐఐటీ హైదరాబాద్ దాటి సంగారెడ్డికి వస్తే, అక్కడి నుంచి ఒక పక్క కొండాపూర్, ఇంకో పక్క మంజీరా. కొండాపూర్‌లో 'కోటగడ్డ' అనే మట్టి దిబ్బ ఉంది. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ ఇక్కడ తవ్వితే శాతవాహనుల కాలం నాటి నాణేలు, మట్టి బొమ్మలు, పూసలు పెద్ద ఎత్తున బయటపడ్డాయి. వాటిలో రోమన్ సంబంధాలను చూపించే వస్తువులు కూడా ఉన్నాయి. అంటే రోమ్‌తో ఈ ఊరికి రెండు వేల ఏళ్ల కిందటే వ్యాపార బంధం ఉందన్నమాట! అవన్నీ ఊరి దగ్గరున్న కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియంలో చూడొచ్చు. ఇదే మండలంలోని హరిదాస్‌పూర్ ఆడపిల్ల పుడితే ఊరంతా పండగ చేసుకునే గ్రామంగా వార్తల్లో నిలిచింది. కారులో వెళ్తే ఇవన్నీ పక్కనుంచి జారిపోతాయి. సైకిల్ మీదైతే ఆగి, నాలుగు మాటలు మాట్లాడి వెళ్లొచ్చు.

మంజీరా వైపు వెళ్తే అసలు నది కనిపిస్తుంది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీరా కర్ణాటక మీదుగా సంగారెడ్డి జిల్లాలోకి వస్తుంది. దాదాపు 30 టీఎంసీల సింగూరు ప్రాజెక్టు, దాని దిగువన కల్పగూర్ దగ్గర మంజీరా బ్యారేజీ ఉన్నాయి. 1960ల నుంచి హైదరాబాద్ తాగుతున్న నీళ్లు ఇక్కడివే. 1978లో 20 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. మొసళ్లకు, చలికాలంలో వచ్చే పక్షులకు ఇది నిలయం.

నీళ్లు చూసి మోసపోవద్దు

ఇటలీ పోస్టర్లలో కనిపించని విషయం ఒకటి ఇక్కడుంది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో పరిశ్రమలు పెరిగాయి. వాటి వ్యర్థాలు నక్కవాగులో కలవడంపై 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ వాగు చివరికి చేరేది మంజీరాలోకే. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర శుద్ధి చేసి వదిలిన నీటిలోనే యాంటీబయాటిక్ అవశేషాలను చాలా ఎక్కువ మోతాదులో గుర్తించారు. ఈ అధ్యయనం ప్రపంచవ్యాప్తంగా చర్చకు దారితీసింది. అందుకే ఈ బెల్టులో సైకిల్ తొక్కేవాళ్లు వాగు నీళ్లతో ముఖం కడుక్కోవడం కూడా మంచిది కాదు.

అసలు చిక్కు ఎక్కడంటే..

తెలంగాణ పల్లెల్లో పొలాలకు వెళ్లే దారిని బండ్ల బాట అంటారు. గ్రామ నక్షాలో గుర్తించి ఉంటే అది నక్షా బాట. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. కానీ సంగారెడ్డి చుట్టూ భూముల ధరలు పెరిగాక పరిస్థితి మారింది. రీజనల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం మొదలయ్యేది కూడా ఇక్కడి నుంచే. వెంచర్ పడితే కడీలు పాతుతారు, ఫెన్సింగ్ వేస్తారు, గేటు పెడతారు. లోపలున్న పాత బాట ప్లాట్లలో కలిసిపోతుంది. మొదట నష్టపోయేది సైకిల్ తొక్కేవాళ్లు కాదు. ఆ వెనక రెండెకరాలున్న రైతు. ట్రాక్టర్ పోవాలన్నా, పంట బయటికి తేవాలన్నా ఆయనకు దారి ఉండదు.

అలాగని ఊళ్లకు తారు రోడ్డు వద్దనలేం. అంబులెన్స్ రావాలి, స్కూల్ బస్సు రావాలి. ఊరికి బీటీ రోడ్డు పడాల్సిందే. పొలానికి వెళ్లే మొరం బాట మాత్రం మూసుకుపోకూడదు. వాడే మనుషులున్నంత కాలమే బాట బతుకుతుందన్నది ఇటలీ చెబుతున్న పాఠం. రైతుతో పాటు వారానికోసారి పది సైకిళ్లు తిరిగే దారికి రాత్రికి రాత్రే గేటు పెట్టడం అంత ఈజీ కాదు.

వెళ్లాలనుకుంటే ఈ జాగ్రత్తలు మస్ట్

* నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి సీజన్. వానాకాలంలో నల్లరేగడి మట్టి టైరుకు, ఫ్రేముకు మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు.
* హైవే మీద లారీలు, కంపెనీ బస్సులు ఎక్కువ. వీలైతే సంగారెడ్డి దాకా బండిలో సైకిల్ తెచ్చుకుని అక్కడి నుంచి తొక్కడం మేలు.
* చీకటి పడ్డాక పొలాల్లోకి వెళ్లొద్దు. అడవి పందుల కోసం కొన్నిచోట్ల కరెంటు తీగలు పెడుతుంటారు. ప్రాణాలకే ప్రమాదం.
* అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. మొసళ్లుంటాయి కాబట్టి నీటి అంచుకు దిగొద్దు.
* కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియాలకు సాధారణంగా శుక్రవారం సెలవు. చూసుకుని బయల్దేరాలి.
* తాగే నీళ్లు, పంక్చర్ కిట్ వెంట ఉండాలి. పంట చేల్లోంచి అడ్డంగా తొక్కొద్దు. దారిలో రైతు కనిపిస్తే ఆగి అడిగి వెళ్లాలి.

ఖరీదైన గ్రావెల్ బైకే కావాలని రూల్ ఏమీ లేదు. వెడల్పు టైర్ల హైబ్రిడ్ సైకిల్ ఉన్నా సరిపోతుంది. పాల క్యాన్లు కట్టుకుని ఇవే బాటల మీద సైకిల్ తొక్కిన పల్లె జనానికి ఈ ఆట పేరు మాత్రమే కొత్త.