యాంటీ మెటీరియల్ రైఫిల్: అపోహలు – వాస్తవాలు

యాంటీ మెటీరియల్ రైఫిల్ అంటే శత్రువు సామగ్రిని దెబ్బతీయడానికి చేసిన భారీ తుపాకి. నేల మీద నిలిపి ఉంచిన విమానం, రాడార్, ఇంధన ట్యాంకరు, పలుచటి కవచం ఉన్న వాహనం దీని అసలు లక్ష్యాలు. పేలకుండా మిగిలిపోయిన బాంబులను దూరం నుంచే కొట్టి నిర్వీర్యం చేయడానికీ దీన్ని వాడతారు. సినిమాలు, వీడియో గేములు మాత్రం దీన్ని మనుషులను వేటాడే ఆయుధంగానే చూపిస్తూ వచ్చాయి. దీని చుట్టూ అల్లుకున్న అపోహల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ఇది ఈ మధ్య పుట్టిన ఆయుధమనీ, ట్యాంకును సైతం ఛేదిస్తుందనీ చాలామంది అనుకుంటారు. నిజానికి దీని మూలాలు మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో ఉన్నాయి. బ్రిటిష్ ట్యాంకులను ఆపడానికి జర్మనీ 1918లో 13.2 మి.మీ. మౌజర్ రైఫిల్‌ను రంగంలోకి దింపింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు బాయ్స్ రైఫిల్, సోవియట్ సైన్యానికి 14.5 మి.మీ. పీటీఆర్‌డీ-41 ఉండేవి. ట్యాంకుల ఉక్కు ఏటికేడు మందమవుతూ పోవడంతో ఆ పనికి ఇవి చాలకుండా పోయాయి. ఈ రైఫిళ్లలో ఎక్కువగా వాడే 12.7 మి.మీ. తూటా నేటి యుద్ధ ట్యాంకు ముందు కవచం మీద మచ్చ మాత్రమే వేయగలదు.

ఇంత శక్తిమంతమైన తుపాకి ఏదో పెద్ద సైనిక ప్రయోగశాలలో పుట్టి ఉంటుందన్నది మరో నమ్మకం. వీటిలో బాగా పేరుపొందిన బ్యారెట్ ఎం82ను రూపొందించిన రానీ బ్యారెట్ అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ఫొటోగ్రాఫరు. తుపాకుల తయారీలో ఆయనకు శిక్షణ లేదు. 1982లో ఒక గస్తీ పడవను ఫొటోలు తీస్తుండగా దాని మీద బిగించిన రెండు బ్రౌనింగ్ మెషిన్‌గన్లు ఆయన కంటపడ్డాయి. ఆ మెషిన్‌గన్ తూటాను భుజానికి ఆనించి కాల్చే తుపాకిలో వాడలేమా అన్న ఆలోచన అక్కడే మొదలైంది. ఆయన చేత్తో గీసుకున్న బొమ్మలు పట్టుకుని వర్క్‌షాపుల చుట్టూ తిరిగితే, అది పనికొచ్చేదే అయితే ఈపాటికి ఎవరో ఒకరు చేసి ఉండేవారని తోసిపుచ్చారు. చివరకు ఒక పనిమంతుడి సాయంతో నమూనా తయారైంది. తొలి తుపాకులు ఇంటి గ్యారేజీలోనే రూపుదిద్దుకున్నాయి. 1989లో స్వీడన్ సైన్యం వంద రైఫిళ్లు కొన్నాక, 1990లో గల్ఫ్ సంక్షోభ సమయంలో అమెరికా మెరైన్ దళం కూడా వీటిని తీసుకుంది. ఈ ఆయుధ చరిత్రలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే ఘట్టం ఇదే.

కాల్చినవాడి భుజం విరిగిపోతుందన్న భయం కూడా ఉంది. తూటా బలాన్ని చూస్తే ఆ భయం సహజమే. దాని గుండు బరువు 40 గ్రాములు దాటుతుంది, మామూలు సైనిక రైఫిల్ గుండు సాధారణంగా 10 గ్రాములకు మించదు. బ్యారెట్ నేర్పంతా ఈ తన్నును లొంగదీయడంలో కనిపిస్తుంది. కాల్చగానే గొట్టమే కొద్దిగా వెనక్కి జరిగి, ఆ తాకిడిని స్ప్రింగులకు అప్పగిస్తుంది. గొట్టం మూతి దగ్గర బాణం మొన ఆకారంలో ఉన్న బ్రేకు వాయువులను పక్కలకూ వెనక్కూ మళ్లించి తుపాకిని ముందుకు లాగుతుంది. సుమారు 14 కిలోల బరువు కూడా దెబ్బను తగ్గిస్తుంది. అయితే పక్కలకు చిమ్మిన ఆ వాయువులే నేల మీది దుమ్మును రేపి, కాల్చినవాడు ఎక్కడున్నాడో పట్టిస్తాయి.

భారీ తూటా కాబట్టి గురి తప్పదనుకోవడం కూడా సరికాదు. మామూలు మెషిన్‌గన్ తూటాలతో కాలిస్తే ఎం82 గుళ్లు వంద మీటర్ల దగ్గరే ఎనిమిది సెంటీమీటర్ల వరకు చెదరవచ్చు. అదే లెక్కన 1,500 మీటర్ల దగ్గర చెదురు మీటరు దాటుతుంది. విమానం రెక్కను కొట్టడానికి అది చాలు, మనిషిని కొట్టడానికి చాలదు. 2017లో ఇరాక్‌లో 3,540 మీటర్ల దూరం నుంచి గురి కొట్టిన కెనడా సైనికుడు వాడింది మరింత కచ్చితత్వం ఉన్న బోల్ట్ రకం మెక్‌మిలన్ టాక్-50. అలాంటి రికార్డులను తుపాకి రోజువారీ సామర్థ్యంగా చూడకూడదు.

తూటా పక్కనుంచి దూసుకెళ్లినా చెయ్యి తెగిపోతుందన్న కథ మరీ విపరీతం. మాంసాన్ని చీల్చేంత శక్తిని దారి పొడవునా గాలికి ధారపోసే గుండు రెండు కిలోమీటర్లు ఎలా వెళ్లగలదు? పక్కనున్నవారికి వినిపించేది చెవులు గింగురుమనే చప్పుడే.

మనుషులపై దీన్ని వాడటాన్ని జెనీవా ఒప్పందాలు నిషేధించాయన్న మాట సైనికుల నోళ్లలో కూడా నానుతుంటుంది. అలాంటి నిబంధన ఏదీ లేదు. 400 గ్రాముల లోపు పేలుడు గుళ్లను నిషేధించిన 1868 నాటి సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రకటన ఉంది కానీ, అది గుండు రకానికి సంబంధించినదే, తుపాకి క్యాలిబర్‌కు కాదు.

ఇలాంటి రైఫిళ్లు భారత్‌కు దిగుమతి కావలసిందేనన్న అభిప్రాయమూ తప్పే. దక్షిణాఫ్రికా సంస్థ డెనెల్ తయారుచేసిన ఎన్‌టీడబ్ల్యూ-20 రైఫిళ్ల కొనుగోలు వ్యవహారం 2005లో ముడుపుల ఆరోపణలతో ఆగిపోయింది. ఆ తర్వాత తిరుచిరాపల్లి ఆయుధ కర్మాగారం 'విధ్వంసక్'ను రూపొందించింది. దక్షిణాఫ్రికా తుపాకితో దీనికి పోలికలు బాగానే ఉన్నాయి. గొట్టం, బోల్టు, మ్యాగజైన్, స్కోపు మార్చుకుంటే ఒకే తుపాకితో 12.7, 14.5, 20 మి.మీ. తూటాలు కాల్చవచ్చు. విడదీసి ఇద్దరు సైనికులు మోసుకెళ్లవచ్చు.