దొడ్డికి పోయినంక ఒక్కసారి మర్లి సూడున్రి

ఇది పేపర్ల రాసే ముచ్చటేనా అని కొందరు ముక్కు మూసుకుంటరు. మూసుకోన్రి, ఏం కాదు. నేను సుత నిరుడు దాక గట్లనే ఉంటి. మా నాయిన పానం మీదికి వచ్చినంక ఆ సిగ్గు పోయింది.

నిరుడు వానకాలం పత్తి చేన్ల కలుపు తీయిస్తుంటే నాయిన కండ్లు తిరిగి ఒడ్డు మీద కూలబడ్డడు. పొద్దున సద్ది తినకుంట పోయిండు, అందుకే అన్నరు అందరు. ఊర్లె ఆర్ఎంపీ వచ్చి సెలైన్ బాటిల్ ఎక్కిచ్చిండు. పొద్దూకినంక మంచం మీదికెల్లి లేవబోయి మళ్ల పడ్డడు. నేను హైదరాబాద్ నుంచి బస్సు దిగేసరికి మొఖం సున్నం ఏసినట్టు తెల్లగ పాలిపోయి ఉంది.

పెద్ద దవాఖానకు తీస్కపోతే డ్యూటీల ఉన్న డాక్టరమ్మ కంటి కింది రెప్ప గుంజి చూసింది, నాడి పట్టింది. తర్వాత అడిగిన మొదటి మాట, "పెద్దాయనా, దొడ్డికి ఏం రంగుల అయితుంది?" నాయిన తల కిందికి ఏసిండు. కొడుకు ముంగట, కోడలు ముంగట ఎట్ల చెప్తడు? మమ్మల్ని బయటికి పంపినంక చెప్పిండట. ఆరు దినాల సంది నల్లగ, రోడ్డుకు పోసే తారు లెక్క జిగటగ పోతున్నదని. ఒంట్లె వేడి చేసిందనుకొని రోజు చెంబెడు మజ్జిగ తాగిండట.

హిమోగ్లోబిన్ చూస్తే 5.8 ఉంది. మగోళ్లకు 13 అన్న ఉండాలె. మూడు ప్యాకెట్ల నెత్తురు ఎక్కిచ్చి, నోట్లెకెల్లి పైపు పంపి ఎండోస్కోపీ చేసిన్రు. కడుపుల పుండు పడి, దాంట్లెకెల్లి నెత్తురు కారుతుంది.

పుండు ఎందుకు పడ్డదో డాక్టరమ్మ చెప్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. మోకాళ్ల నొప్పులకు నాయిన యాడాదిన్నర సంది రోజుకు రెండు గోళీలు మింగుతుండు. పేరు లేదు, చీటి లేదు, కాయితంల చుట్టి ఇచ్చినయి. అవి తెచ్చుకొమ్మని పైసలు ఫోన్‌పే కొట్టింది నేనే. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పుల గోళీలు ఒంట్లె ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారు కాకుంట ఆపుతయి. నొప్పి తగ్గేది దానితోనే. గని కడుపు లోపలి పొరను ఆమ్లం కొరకకుంట కాపాడేది సుత అదే ప్రోస్టాగ్లాండిన్. మోకాలు బాగైతున్నదని మనం సంబురపడుతుంటే లోపట గోడ పలుచబడుతుంటది. దానికి స్టెరాయిడ్ గోళి తోడైతే ఇంక ప్రమాదం. ఊర్లల్ల కలిపి ఇచ్చే నాలుగు గోళీల పొట్లంల ఏముంటదో మింగేటోళ్లకు తెల్వది.

పుండు అంటె కారం తినుడుతోని వస్తదని మనోళ్ల నమ్మకం. కారం మంట పెంచుతది గని పుండు పెట్టదు. ఎక్కువ పుండ్లకు కారణం ఒకటి ఈ గోళీలు, రెండోది హెలికోబ్యాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. బ్యారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ ఈ మాట అంటే ఎవ్వలు నమ్మకపోతే, 1984ల ఆ సూక్ష్మజీవులు కలిపిన నీళ్లు తానే తాగి కడుపు వాపు తెచ్చుకొని చూపిచ్చిండు. 2005ల ఆయనకు, రాబిన్ వారెన్‌కు కలిపి నోబెల్ ఇచ్చిన్రు. ఇప్పుడు ఆ పుండుకు రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు ఉంది.

ఇంతకు రంగు ఎట్ల వస్తది? మన నెత్తుర్ల ఎర్ర కణాలు దాదాపు 120 దినాలు బతుకుతయి. చచ్చిన కణాలకెల్లి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తది. కాలేజం దాన్ని పైత్యరసంల కలిపి సన్నని గొట్టం నుంచి పేగుల్లకు పంపుతది. అక్కడ ఉండే బ్యాక్టీరియా దాన్ని స్టెర్కోబిలిన్‌గ మారుస్తది. మలానికి గోధుమ రంగు వచ్చేది దీనితోనే. అంటె ఆ రంగు కాలేజం నడుస్తుందని, గొట్టం తెరుచుకొని ఉందని చెప్పే రోజువారీ రిపోర్టు. పైసా ఖర్చు లేదు. మనం నీళ్లు కొట్టి పంపిస్తున్నం అంతే.

నల్ల రంగు కాడ ఇంకొంచెం ఆగుదాం, పానం తీసేది ఇదే కాబట్టి. కడుపుల, లేకపోతే చిన్న పేగు మొదట్ల కారిన నెత్తురు కిందికి దిగేసరికి అరిగి నల్లబడుతది. 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటె ఒక చిన్న టీ గ్లాసంత కారితె చాలు రంగు మారనీకి. జిగటగ అతుక్కుంటది, నీళ్లు పోసినా తొందరగ పోదు, వాసన మామూలు వాసన కాదు. మందు బాగ తాగి కాలేజం గట్టిపడ్డోళ్లకు అన్నవాహికల నరాలు ఉబ్బి పగిలితె సుత గిట్లనే నల్లగ పోతది, నెత్తురు కక్కుడు సుత ఉంటది. గుండెకు ఆస్ప్రిన్ వాడేటోళ్లకు సుత ఈ ముప్పు ఉంది. గట్లని గుండె గోళి సొంతంగ బంద్ చేయొద్దు, డాక్టర్‌నే అడగాలె.

గని నల్లగ కనవడ్డదల్లా నెత్తురు కాదు. ఐరన్ గోళీలు ఏసుకుంటె నల్లగనే అయితది. స్కూళ్లల్ల వారానికి ఒకటి ఇచ్చే నీలం గోళీలు, కడుపుతోని ఉన్నోళ్లకు ఆశమ్మ ఇచ్చే ఎర్ర గోళీలు ఐరన్‌వే. మా చెల్లె కడుపుతోని ఉన్నప్పుడు నల్లగ అయితుందని భయపడి గోళీలు అటుక మీద దాచింది. అవి రోజుకొకటి 180 దినాలు ఏసుకోవాలె. అది పేగులు పీల్చుకోంగ మిగిలిన ఇనుము రంగు. నల్లగ ఉన్నా తారు లెక్క జిగట ఉండదు, ఆ పాడు వాసన ఉండదు. చెల్లెలారా, దీనికి భయపడి గోళీలు మానకున్రి. అల్లనేరేడు పండ్లు కడుపునిండ తిన్న తెల్లారి సుత రంగు ముదురుతది. అనుమానం ఉంటె ఏం తిన్నం, ఏం గోళి మింగినం అని రెండు దినాలు ఎనుకకు యాది చేస్కోవాలె.

ఎర్రగ అయితే బీట్‌రూట్ తిన్నవా అని ముందుగల్ల అడుగుడు న్యాయమే. తినకపోతే అది నెత్తురే. చీముతోని, కడుపు కోతతోని, జరంతోని వస్తె నెత్తురు బంక విరేచనాలు. అయిపోయినంక చుక్కలు చుక్కలుగ కారితే ఎక్కువమందికి మొలలే అయి ఉంటయి. బ్లేడు కోసినట్టు మంట ఉంటే చీలిక. చిక్కేడ వస్తదంటె, మొలలే అనుకొని యేండ్లకు యేండ్లు పోనిచ్చుడు కాడ. రోడ్డు పొంటి "ఒక్క సూదితో మొలలు మాయం" అని బోర్డులు చూస్తనే ఉంటరు గద. ఆ సూది ఇచ్చెటాయిన లోపట చూడడు. మలంల కలిసి నెత్తురు వస్తున్నా, బరువు తగ్గుతున్నా, ఎప్పుడు లేనిది కొన్ని దినాలు గట్టిగ, కొన్ని దినాలు పల్చగ అయితున్నా పెద్దపేగు క్యాన్సర్ కాదని పరీక్షతోనే తేల్చుకోవాలె. ముందుగల్ల దొరికితె ఆపరేషన్‌తోని బాగయ్యే రోగం అది.

ఇగ తెలుపు. బూడిద కలిపిన మట్టి లెక్క, సుద్ద లెక్క అయితే పైత్యరసం పేగుల్లకు దిగుతలేదని అర్థం. గొట్టంల రాయి అడ్డం పడొచ్చు, గడ్డ నొక్కొచ్చు. కండ్లు పచ్చగ, మూత్రం డికాషన్ రంగుల, ఒళ్లంత దురద తోడుంటయి. పసిరికలు అని మనోళ్లు పసరు మందుకు ఉరుకుతరు. వైరస్‌తోని వచ్చే పసిరికలు చానమందికి వాటంతల అవే తగ్గుతయి, ఆ పేరు పసరు కొట్టేస్తది. రాయి పసరుకు కరగదు. తెల్ల మలం, పచ్చ కండ్లు కలిస్తె స్కానింగ్ చేపియ్యాల్సిందే.

పసిపిల్లల సంగతి ఇంకా తొందరది. పుట్టినంక రెండు మూడు దినాలు నల్లగ, బంక లెక్క పోతరు, అది మామూలే. తర్వాత ఆకుపచ్చకు, ఇంక తర్వాత ఆవాల ముద్ద లెక్క పసుపు పచ్చకు మారుతది. అట్ల మారకుంట తెల్లగ, లేత బూడిదగ అయితే, 14 దినాలు దాటినా కండ్ల పచ్చదనం పోకపోతే, "పొద్దటెండల పెట్టున్రి" అని కూసోవద్దు. కొందరు పిల్లలకు పైత్యరసం గొట్టాలు మూసుకపోతయి. దానికి కసాయి ఆపరేషన్ అని ఉంది. మాంసం కొట్టే కసాయి కాదు, అది కనిపెట్టిన జపాన్ డాక్టర్ పేరు మొరియో కసాయి. 60 దినాల లోపట చేస్తె ఫలితం మంచిగుంటది. ఆలస్యమైతే కాలేజం మార్చుడు దాక పోతది. తైవాన్‌ల 2004 సంది దేశమంత తల్లులకు మలం రంగుల కార్డు ఇస్తున్నరు. బిడ్డ బట్టను కార్డు పక్కన పెట్టి చూసుకుంటె అయిపాయె. గంత చిన్న అట్టముక్క. మన తల్లీబిడ్డల కార్డుల సుత గసొంటి రంగుల పేజీ ఒకటి అచ్చేస్తే ఎంత ఖర్చయితది?

ఆకుపచ్చకు ఎక్కువ భయం అక్కర్లే. పాలకూర, తోటకూర తిన్నా, విరేచనాలతోని పేగుల నుంచి తొందరగ జారినా పైత్యరసం రంగు మారకుంట పచ్చగనే వస్తది. పసుపుగ, జిడ్డుగ, నీళ్ల మీద తేలుతూ దినాల కొద్ది పోతే మాత్రం తిన్న కొవ్వు అరుగుతలేదు. మన భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములను మింగిన స్ప్రూ రోగం గసొంటిదే. ఆ రోగానికి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను తర్వాత అమెరికాల ఆయన బృందమే తయారు చేసింది.

బియ్యం కడిగిన నీళ్ల లెక్క ధార కడితే అది కలరా కావొచ్చు, గంటల్లనే మనిషి పిండుకపోతడు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు కాగి చల్లారిన నీళ్లల్ల కలిపి తాపుకుంటనే దవాఖానకు ఉరకాలె. పిల్లలకైతే విరేచనాలు ఆగినా జింక్ గోళి 14 దినాలు ఏయాలె.

దవాఖానల నోటితోని చెప్పనీకి సిగ్గయితే ఫోన్ల ఫొటో తీసి చూపియ్యున్రి. డాక్టర్లు ఏం అనుకోరు, వాళ్లకు అది ఎక్స్‌రే లెక్కనే. తారు రంగుతోని కండ్లు తిరుగుతున్నా, చెమటలు పడుతున్నా తెల్లారనియ్యొద్దు, 108 కొట్టున్రి. ఆర్ఎంపీ సెలైన్ నెత్తురు కాదు.

నాయిన ఇప్పుడు మోకాళ్లకు కాపడం పెట్టుకుంటుండు, మరీ నొస్తె డాక్టరమ్మ రాసిన పారాసిటమాల్ లెక్క ప్రకారం ఏసుకుంటుండు. హిమోగ్లోబిన్ 11కు వచ్చింది. డిశ్చార్జి నాడు ఐరన్ గోళీలు రాసిన్రు. వారం తర్వాత పొద్దుగాల ఐదింటికి ఫోన్ చేసి, "బిడ్డా, మళ్ల నల్లగయింది" అన్నడు. జిగటగుందా అని అడిగిన. లేదన్నడు. వాసన? లేదన్నడు. డాక్టరమ్మ ముందే చెప్పింది గద నాయినా, గోళి రంగది అన్న. "అయినా చెప్పాలె గద" అని పెట్టేసిండు.