పొయ్యి వెలిగించని పూట

ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు గంటలవేళ వంటింట్లో నిలబడి అన్నం, పప్పు, కూర, చారు కాచి, చెమట తుడుచుకుంటూ వడ్డించేసరికి, పళ్ళెం ముందు కూర్చున్న పుత్రరత్నం “నాకిది వద్దు” అంటాడు. “మరేం కావాలిరా నాన్నా?” అని అడిగితే, “ఏమీ వద్దు” అంటాడు. ఈ మాట వినని తల్లి తెలుగుదేశంలో ఉన్నదంటే నేను నమ్మను.

వాడు మొండివాడని కొట్టేముందు ఒక సంగతి గమనించండి. ఇటువంటి పిల్లల్లో చాలామందికి పడనిది పదార్థం కాదు, కలపడం. దోసకాయముక్క చేతికిస్తే కరకర నమిలేవాడు, అదే ముక్క పప్పులో కనిపిస్తే ఏరి పళ్ళెం అంచున పెడతాడు. కొబ్బరిముక్క తింటాడు, కొబ్బరి వేసిన కూర తినడు. అటువంటప్పుడు వారానికి ఒకపూట ఏదీ కలపకుండా, అసలు వండకుండా, నాలుగు చిన్న గిన్నెల్లో నాలుగు రకాలు పెట్టి ఊరుకుంటే ఏం?

ఊరుకోవడమే కష్టం. అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరు ఊరుకుని చూసింది. అప్పుడే పాలు మానుతున్న పసివాళ్ళ ముందు రకరకాల ఆహారాలు, పాలు, గుడ్లు, మాంసం, ధాన్యాలు, కూరగాయలు, పళ్ళు, దేనికది విడిగా పెట్టించింది. నర్సులు “ఇది తిను” అనకూడదు, “అది వద్దు” అనకూడదు. పిల్ల చెయ్యి చాపినదే చెంచాతో అందించాలి. మొదటి ఫలితాలు 1928లో, మొత్తం 15 మంది పిల్లల సంగతి 1939లో ప్రచురించింది. ఏ ఇద్దరి భోజనమూ ఒకలా లేదు. ఒకడు పొద్దున్నే నారింజరసమూ కాలేయమూ పుచ్చుకుంటే, రాత్రికి గుడ్లూ అరటిపళ్ళూ పాలూ చాలన్నాడు. ఎముకల జబ్బుతో వచ్చిన ఒక పసివాడు తన ముందుంచిన చేపనూనెను తనంతట తానే తాగి, జబ్బు నయమయ్యాక మానేశాడట! పిల్లలందరూ పుష్టిగా పెరిగారు. అయితే కిటుకంతా పళ్ళెంలో ఏమేమి పెట్టామన్నదానిలోనే ఉన్నదని ఆ డాక్టరే చెప్పింది. అక్కడ మిఠాయి లేదు, బిస్కత్తు లేదు. అవి కూడా పెట్టి “నీ ఇష్టం” అంటే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా?

మన పళ్ళెంలోకి వద్దాం. నలుగురున్న ఇంటికి ఒక కప్పు ఛాయపెసరపప్పు శుభ్రంగా కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళలో రెండుగంటలు నానబెట్టి వడకట్టండి. ఇదే శ్రీరామనవమి వడపప్పు. నూరు గ్రాముల పప్పులో దాదాపు 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి గనుక దీన్ని చిరుతిండి అని చులకన చేయకండి. పెద్దవాళ్ళ వాటాలో మామిడికోరు, పచ్చికొబ్బరి, ఉప్పు కలపండి. పేచీరాయుడికి మాత్రం విడిగానే ఉంచండి.

రెండో గిన్నెలో అటుకులు. పలుచని అటుకులకు నీళ్ళు చిలకరిస్తే చాలు. మందపువైతే కడిగి, పది నిమిషాలు నాననివ్వాలి. పిల్లలకు పెరుగో, బెల్లంకోరో. పెద్దలకు ఆవకాయ ఊట, సన్నగా తరిగిన ఉల్లిపాయ. ఒకసారి తిని చూడండి, తరవాత నన్ను తలుచుకుంటారు. అటుకులు, మరమరాలు, పుట్నాలపప్పు పచ్చివి కావు. మన పొయ్యి వెలగకపోయినా, వాటికోసం ఎక్కడో ఒక భట్టీ వెలిగింది.

ఇక దోసకాయ, ముంజలు, మామిడిపండు, చిమ్మిలి ఉండ, కాసిని మజ్జిగ, ఏది దొరికితే అది. బిడ్డ ఎరిగినవి మూడు పెట్టి, ఎరగనిది ఒక్కటి చేర్చండి. కొత్త రుచి అలవాటుకావడానికి పదిసార్లు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువసార్లు కంటబడాలి. రెండోసారికే “వీడు దీన్ని తినడు” అని తీర్పు చెప్పేది మనమే.

పేచీ పిల్లలకే పరిమితమనుకునేరు! అన్నం లేని పూటను భోజనంగా లెక్కపెట్టని మగవారున్నారు. అత్తగార్ల అభ్యంతరం ఇంకొకటి. “పొయ్యి వెలిగించకపోవడమేమిటమ్మా, ఇంట్లో ఎవరు పోయారని?” అంటారు. ఆ మాటకు నొచ్చుకోకండి. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించరు గనుక, ఆ భయం పాతది. “నాగులచవితినాడు చలిమిడి, చిమ్మిలి, వడపప్పు మీ చేత్తోనే చేసి పెడతారు గదండీ అత్తయ్యగారూ, అదీ పొయ్యి ఎక్కని నైవేద్యమే గదా!” అని నెమ్మదిగా అనండి. చిమ్మిలి ఆవిడ చేతనే దంపించండి. నువ్వుల పాళ్ళు, బెల్లం పాళ్ళు ఆవిడకు తెలిసినట్లు మనకు తెలియవు. పైగా తను చేసినదాన్ని మనవడు తింటుంటే ఆవిడ ఇక ఏ అభ్యంతరమూ చెప్పరు.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. నాలుగైదేళ్ళలోపు పిల్లలకు వేరుశనగగుళ్ళు, పుట్నాలు గింజలుగా ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడతాయి. పొడిచేసి బెల్లంతో ఇవ్వండి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి. మొలకెత్తిన పెసలు చూడముచ్చటగా ఉన్నా, పసివాళ్ళకు ఆవిరిమీద ఉడికించి పెట్టడమే క్షేమం. ఆ మాత్రానికి పొయ్యి వెలిగించడం ఎందుకనుకుంటే, ఆ పూట మొలకలు మానెయ్యండి. కోసిన పళ్ళు ఎండాకాలంలో గంటలకొద్దీ బల్లమీద ఉంచరాదు. బిడ్డ బరువు తగ్గుతున్నా, తినేవి నాలుగైదు రకాలకు మించకపోయినా, అది పళ్ళెంతో తీరే సమస్య కాదు, డాక్టరుకు చూపించాలి.

ఇంతకూ ఈ పూటలో అసలు లాభం ఇల్లాలిది. అందరికీ వడ్డించి, ఆఖరున చల్లారిన అన్నంతో ఒంటరిగా కూర్చునే మనిషి, ఆరోజు గిన్నెలు మధ్యలో పెట్టి అందరితోపాటు కూర్చుంటుంది. వాడు ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో ఓరకంట చూడవచ్చును గాని, పైకి అనకండి.

మామిడి కలపని వడపప్పు మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పెసరట్టు పిండిలో వేసి రుబ్బెయ్యండి.