నీరా? కండయా? – అల్ట్రాసౌండు చెప్పు సమాధానము

మన కోస్తా జిల్లాలలో బోదకాలు, బుడ్డ అను మాటలు వినని వారుండరు. అయినను వృషణమునందు చిన్న గడ్డ చేతికి తగిలినచో, గోస్తనీ తీరమున గల మన తగరపువలసలోనైనను, విశాఖలోనైనను, ఎందరో యువకులు కన్నవారికి సైతము చెప్పుకొనజాలరు. ఒకవైపు సిగ్గు, మరొకవైపు కేన్సరేమో అను భయము. ఈ రెండింటి నడుమ నెలలు గడచిపోవును. ఆ సందేహమును తీర్చు సాధనమును గూర్చి ఇచట వివరింపదలచితిమి.

ఓడరేవు, ఉక్కు కర్మాగారము గల విశాఖవారికి దీని పుట్టుక ఆసక్తికరము. లోహములలోని పగుళ్లను ధ్వనితో కనిపెట్టు పరిశ్రమల యంత్రమునే గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డు రోగపరీక్షకు మలచెను. నయముకాని కేన్సరని తలచిన ఒక స్త్రీ ఉదరములో నున్నది అండాశయపు నీటితిత్తియేనని ఈ పరీక్ష వలన తేలినది. దానిని తొలగింపగా ఆమె కోలుకొనెను. ఆయన బృందము వ్రాసిన వ్యాసము 1958లో 'లాన్సెట్' పత్రికలో వెలువడినది.

మన చెవి సెకనుకు 20,000 కంపనములను మించిన ధ్వనిని వినజాలదు. వృషణ పరీక్షకు వాడు ధ్వని సాధారణముగా 70 లక్షల కంపనములకు పైబడి యుండును. చర్మముపై జెల్లు పూసి, పరికరమును మెల్లగా కదిపెదరు. లోనికి పోయిన ధ్వని మరలివచ్చి తెరపై చిత్రమగును. స్వచ్ఛమైన నీటిలో ధ్వనిని వెనుకకు మరల్చునది లేదు; కనుక నీటితిత్తి నల్లగా, పలుచని నునుపైన అంచుతో కనిపించును. కండగల కంతి లోపలినుండి ప్రతిధ్వనులు వచ్చును. ఇందు ఎక్స్‌రే కిరణములు లేవు.

గడ్డ ఎచట నున్నదనునదియు ముఖ్యమే. వృషణము వెనుక నుండు ఎపిడిడిమిస్ అను నాళములోని నీటితిత్తులు హానిచేయనివి. బాధింపనిచో చికిత్స అక్కరలేదు. వృషణము లోపలనే గట్టి గడ్డ కనిపించినచో కేన్సరును శంకించి రక్తపరీక్షలు చేయుదురు. యువకులలోనే ఎక్కువగా వచ్చు ఈ కేన్సరు, త్వరగా గుర్తించినచో చాలమందికి పూర్తిగా నయమగును. బుడ్డనీటి వెనుక దాగిన కంతి చేతివ్రేళ్లకు అందకపోవచ్చును, ధ్వనికి అందును.

ఒక హెచ్చరిక. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చినచో వృషణము మెలిపడి రక్తప్రసరణ ఆగియుండవచ్చును. గంటలలోనే శస్త్రచికిత్స అవసరము కావచ్చును గనుక తెల్లవారువరకు ఆగరాదు.

మిత్రులారా, పంటినొప్పిని చెప్పుకొనుటకు మనము సిగ్గుపడము. ఇదియు దేహములోని అవయవమే. నీరో, కండయో మన వ్రేళ్లతో మనమే తీర్పు చెప్పుకొనక, వైద్యుని ముందు నోరు విప్పుదము. అందు అవమానమేమియు లేదు.